కారు ఇన్సూరెన్స్ రెన్యువల్: డీలర్ ₹19,800 అంటున్నాడు, ఆన్‌లైన్‌లో ₹10,400. తేడా ఎక్కడ?

కొత్తకారు_పాతడ్రైవర్
పెట్రోల్ కారు, 1,197 సీసీ, 2021లో కొన్నది, హైదరాబాద్ రిజిస్ట్రేషన్. ఇది నాలుగో రెన్యువల్, ఇంతవరకు ఒక్క క్లెయిమ్ లేదు.

డీలర్ పంపిన కొటేషన్ ₹19,800. ఐడీవీ (బండి పూర్తిగా పోతే ఇచ్చే మొత్తం) 4,60,000, ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి కట్టే ప్రీమియం) 15,100, ఎన్‌సీబీ (క్లెయిమ్ పెట్టనందుకు అందులో ఇచ్చే తగ్గింపు) 35 శాతం. పైన జీరో డెప్ (పార్టులకి తరుగు కోయకుండా ఇచ్చేది), ఇంజిన్ ప్రొటెక్ట్, రోడ్‌సైడ్ అసిస్టెన్స్, ఓనర్ పీఏ కవర్ (ఓనర్‌కి ప్రమాద బీమా), థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి), జీఎస్టీ.

ఆన్‌లైన్‌లో నేను చూసుకుంటే ₹10,400. ఐడీవీ 3,40,000, జీరో డెప్, పీఏ ఉన్నాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ లేదు. రెండూ పేరున్న కంపెనీలే.

ఐడీవీ తగ్గితే నష్టమా? ఇంజిన్ ప్రొటెక్ట్ అవసరమా? డీలర్ దగ్గర తీసుకోకపోతే క్యాష్‌లెస్ రాదని సర్వీస్ అడ్వైజర్ అంటున్నాడు, నిజమేనా? పీఏ తీసేయొచ్చా? పాలసీ వచ్చే మంగళవారంతో అయిపోతుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పల్సర్_పిల్లోడు
పంతొమ్మిది వేలా! అన్నా, నా బండికి థర్డ్ పార్టీ ఒక్కటే, 149 సీసీ, 714 ప్లస్ జీఎస్టీ, అంతే. మిగతా యాడ్ ఆన్‌లన్నీ మధ్యతరగతి వాణ్ని భయపెట్టి అమ్మేవే.

ఓరుగల్లు_77
2025 సెప్టెంబర్ 22 నుంచి ఇన్సూరెన్స్‌కి జీఎస్టీ ఎత్తేశారు కదా. ఇంకా వేస్తున్నాడంటే డీలర్ నిన్ను ముంచుతున్నట్టే. వెంటనే కంప్లయింట్ పెట్టు తమ్ముడూ.

అకౌంట్స్_అక్క
ఎత్తేసింది వ్యక్తిగత జీవిత బీమాకీ, ఆరోగ్య బీమాకీ. కారు ఇన్సూరెన్స్‌కి 18 శాతం అలాగే ఉంది. కంప్లయింట్ పెడితే వాళ్లే నవ్వుతారు.

ఓరుగల్లు_77
వాట్సాప్‌లో అన్ని ఇన్సూరెన్సులకీ అని వచ్చింది మేడమ్.

అకౌంట్స్_అక్క
వాట్సాప్‌లో ఇంకా చాలా వస్తాయండి.

ఏజెంట్_మావయ్య
ఈ ఫీల్డులో తల నెరిసినవాణ్ని, కాబట్టి శ్రద్ధగా వినండి. ఆన్‌లైన్‌లో కొంటే క్లెయిమ్ రోజున ఫోనెత్తేవాడు ఉండడు. యాక్సిడెంట్ అయి రాత్రి పదకొండింటికి రోడ్డు మీద నిలబడ్డప్పుడు మీ యాప్ వస్తుందా, ఈ మావయ్య వస్తాడా? చవక బేరం చూసుకుని తర్వాత ఏడవకండి. ఇక థర్డ్ పార్టీ మాట. అది ఎక్కడ కొన్నా ఒకటే రేటు, ప్రభుత్వం నోటిఫై చేసేది. 1000 నుంచి 1500 సీసీ కారుకి 3,416. 2022 జూన్ 1న వచ్చిన రేటు. అందులో ఎవడైనా డిస్కౌంట్ ఇస్తానంటే అబద్ధం చెబుతున్నట్టే. తేడా అంతా ఓన్ డ్యామేజ్‌లోనే.

బెజవాడ_బ్రేకులు
ఇంజిన్ ప్రొటెక్ట్ అవసరమా అని అడుగుతున్నావు చూడు, దానికి నేను చెప్తాను.

2024 సెప్టెంబర్ 1. బుడమేరు పొంగింది. మా కారు ఇంటి ముందు ఆపిన చోటే ఉంది, నీళ్లు బానెట్ దాకా వచ్చాయి. నీళ్లు తీశాక మా బావమరిది పెద్ద మెకానిక్ లాగా వచ్చి, ‘ఒక్కసారి చూద్దాం బావా’ అంటూ తాళం తిప్పేశాడు. టక్ మని ఒక శబ్దం, అంతే, మళ్లీ పలకలేదు. వర్క్‌షాప్ వాళ్లు ఇంజిన్ ఎస్టిమేట్ లక్షా నలభై వేలు వేశారు. సీట్లు, కార్పెట్లు, వైరింగు, ఈసీయూ అన్నీ క్లెయిమ్‌లో వచ్చాయి. ఇంజిన్ మాత్రం ‘కాన్‌సీక్వెన్షియల్ లాస్’ (వరద తర్వాత చేసిన పని వల్ల వచ్చిన నష్టం) అని రాసి పక్కన పెట్టారు. వరదకు కవర్ ఉందంట, వరద వల్ల పోయిన ఇంజిన్‌కి లేదంట! ఇదేం లెక్క?

ప్రీమియం తక్కువ అవుతుందని ఆ ఏడాది ఏజెంటే ఆ యాడ్ ఆన్ తీయించాడు. తర్వాత ఫోనెత్తలేదు. మావయ్య గారూ, మీ జాతి వాడే.

ఏజెంట్_మావయ్య
ఒకడు ఫోనెత్తకపోతే అందరినీ ఒకే గాటన కట్టకండి సార్.

ఓరుగల్లు_77
అసలు తాళం తిప్పిండ్రని కంపెనీకి ఎట్ల తెలిసింది? కారులో కెమెరా ఉందా? నీళ్లలో మునిగిన ఇంజిన్ మునిగినట్టే. ‘మేం ముట్టుకోలేదు’ అని గట్టిగా నిలబడితే ఇవ్వక ఏం చేస్తరు? బ్రేకులు అన్నా, నువ్వు అక్కడ మెత్తబడ్డట్టున్నవ్.

లాస్_అసెసర్
పదేళ్లకు పైగా క్లెయిమ్ బండ్ల సర్వేలు చేస్తున్నాను. 2020 అక్టోబర్ హైదరాబాద్ వరదలప్పుడు నా టేబుల్ మీదికి వచ్చినన్ని ఇంజిన్లు ఈ చర్చలో ఎవరూ చూసి ఉండరు. కాబట్టి తాళం సంగతి నేను చెబుతాను.

ఆగి ఉన్న బండిలో నీళ్లు చేరితే సిలిండర్‌లో నీళ్లే ఉంటాయి, తుప్పు పడుతుంది, అంతకు మించి ఏమీ కాదు. ఇంజిన్ తిరిగితే పిస్టన్ పైకి వస్తుంది. గాలి అయితే నలుగుతుంది, నీళ్లు నలగవు. ఆ బలమంతా కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగుతుంది. హెడ్ విప్పి చూస్తే ఒక పిస్టన్ మిగతా వాటి కంటే కాస్త కిందకి ఆగి కనిపిస్తుంది. అది చూశాక ఇంక కెమెరా ఎందుకండి? ‘ముట్టుకోలేదు’ అని సంతకం పెట్టాక రాడ్ వంగి దొరికితే, ఉన్న క్లెయిమ్ కూడా తప్పుడు సమాచారం కింద చిక్కుల్లో పడుతుంది. దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి.

ఓరుగల్లు_77
అంటే సార్, నేను రోడ్డు మీద పోతున్న, ముందర నీళ్లు మోకాళ్ల లోతే కనిపిస్తున్నయి. నడుమకి పోయేసరికి నాలా పొంగి బానెట్ దాకా వచ్చినయి. బండి నడుస్తుండగానే ఆగిపోయింది, రాడ్ వంగింది. నేను తాళం తిప్పలే. ఇది నా తప్పా? ఇది యాక్సిడెంట్ కాదా? మీరు కంపెనీ మనిషిలాగనే మాట్లాడుతున్నరు.

లాస్_అసెసర్
సర్వేయర్‌కి లైసెన్సు ఇచ్చేది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, కంపెనీ కాదు. మీరు చెప్పిన కేసు నిజంగానే వాదించదగ్గది. ఆగిపోయాక మళ్లీ స్టార్ట్ చేయడం వేరు, నడుస్తుండగా ఒక్కసారిగా నీళ్లు లాగేయడం వేరు. ఇలాంటివాటిలో వినియోగదారుల కమిషన్‌కి వెళ్లి గెలిచినవాళ్లూ ఉన్నారు, ఓడినవాళ్లూ ఉన్నారు. కానీ ఏడాదికి ఏడెనిమిది వందలు పెట్టి యాడ్ ఆన్ తీసుకుంటే ఈ వాదన అక్కర్లేదు కదా అన్నదే నా పాయింట్.

ఓరుగల్లు_77
అదే కదా నేను అనేది! భయపెట్టుడు, అమ్ముడు!

పల్సర్_పిల్లోడు
నేను మొదటి నుంచీ అదే అంటున్నా.

బెజవాడ_బ్రేకులు
మీ ఇద్దరి ఇంటి ముందూ నీళ్లు రాలేదు కాబట్టి మాట్లాడుతున్నారు. లక్షా నలభై వేలు ఎవడు కట్టాడు? మీరు కట్టారా?

మోడరేటర్
వ్యక్తిగతంగా వెళ్లొద్దు. ఓరుగల్లు గారూ, సర్వేయర్‌కి అబద్ధం చెప్పమనే సలహాలు ఇంకోసారి కనిపిస్తే తీసేస్తాను. ప్రశ్న అడిగిన మనిషి మంగళవారం లోపు డబ్బు కట్టాలి, అది గుర్తుంచుకోండి.

బెజవాడ_బ్రేకులు
ఒక్కటి చెప్పి ఆపేస్తా. బండి మునిగితే చేయాల్సింది ఇది. తాళం తీసి దాచేయండి, ముఖ్యంగా బావమరిదికి దొరక్కుండా. వీలైతే బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పండి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గీత కనిపించేలా ఫొటోలు తీసుకోండి. న్యూట్రల్‌లో పెట్టి టో చేయించండి. ఆటోమేటిక్ అయితే చక్రాలు నేల మీద ఈడ్చకుండా ఫ్లాట్‌బెడ్ మీదే పంపించండి.

అకౌంట్స్_అక్క
ఇక లెక్క చూద్దామా? ఎవరూ కొటేషన్ చదివినట్టు లేరు.

కొత్తకారు గారూ, నాలుగో రెన్యువల్, క్లెయిమ్ లేదు అన్నారు. అలాంటప్పుడు మీకు ఎన్‌సీబీ 45 శాతం రావాలి. మొదటి ఏడాదికి 20, తర్వాత 25, 35, 45, 50. డీలర్ 35 వేశాడు, అంటే పోయినేడాది కాగితం తీసి తారీఖు మార్చాడు. 15,100 మీద పది శాతం 1,510, జీఎస్టీతో కలిపి సుమారు 1,780. ఫోన్ చేసి అడిగితే ‘సిస్టమ్‌లో అలా వచ్చింది మేడమ్’ అంటారు. నాకు తెలుసు, మా ఆఫీసు బండికీ అదే సిస్టమ్!

ఆన్‌లైన్ కొటేషన్ సంగతి. మీరు చెప్పిన అంకెల్ని బట్టి వెనక్కి లెక్క వేస్తే అక్కడ ఓన్ డ్యామేజ్ మీద సగం దాకా డిస్కౌంట్ ఇచ్చినట్టుంది. డీలర్ రూపాయి కూడా తగ్గించలేదు. అసలు తేడా అక్కడిది. ఐడీవీ తగ్గించినందువల్ల మిగిలింది చాలా కొంచెం. 1,20,000 ఐడీవీ తేడా మీద, డీలర్ కొటేషన్ లెక్కన రేటు 3.283 శాతం అంటే 3,940. అందులో సగం డిస్కౌంట్, మిగిలినదాంట్లో 45 శాతం ఎన్‌సీబీ, మీద జీఎస్టీ. తేలేది సుమారు 1,280. 1,280 మిగుల్చుకోవడానికి లక్షా ఇరవై వేల కవర్ వదులుకుంటున్నారు. బండి దొంగతనం అయితే చేతికొచ్చేది ఐడీవీ మేరకే.

లాస్_అసెసర్
అక్క గారి లెక్క సరిగ్గా ఉంది. ఒకటి కలుపుతాను. రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద తేల్చేస్తారు. ఐడీవీ 3.4 లక్షలైతే రెండున్నర లక్షల రిపేర్‌కే బండి పోయినట్టు, మీకు ఇచ్చేది ఆ 3.4 లక్షల లెక్కలోనే. బాగుచేయించుకుని నడుపుదాం అనుకున్నా అది మీ చేతిలో ఉండదు.

ఏజెంట్_మావయ్య
అలాగని ఐడీవీ ఆకాశానికి ఎత్తకండి. టారిఫ్ (ప్రామాణిక రేట్ల పట్టిక) ప్రకారం నాలుగేళ్లు దాటిన బండికి యాభై శాతం తరుగు. కంపెనీలు అటూ ఇటూ కొంత జరుపుకోనిస్తాయి. మార్కెట్లో ఆ బండి ఎంతకి అమ్ముడవుతుందో ఆ దరిదాపుల్లో ఉంచుకోవాలి. ఎక్కువ పెడితే ప్రీమియం కూడా పెరుగుతుంది.

సెకండ్‌హ్యాండ్_సుబ్బారాయుడు
ఎన్‌సీబీ మాట వచ్చింది కాబట్టి నా గోడు. వాడిన కారు కొన్నాను. ఆర్‌సీ నా పేరు మీదికి మారింది. పాలసీ ఇంకా ఎనిమిది నెలలుంది కదా, మెల్లగా మార్పించుకుందువులే అన్నాడు బ్రోకర్. మూడో నెలలో వెనక నుంచి లారీ తగిలింది. క్లెయిమ్ పెడితే ‘పాలసీలో ఉన్న పేరుకీ ఆర్‌సీలో ఉన్న పేరుకీ పొంతన లేదు’ అని తిప్పి పంపారు. చట్టంలో థర్డ్ పార్టీ కవర్ కొన్నవాడికి దానంతటదే వస్తుందట. ఓన్ డ్యామేజ్‌కి మాత్రం పద్నాలుగు రోజుల్లో కంపెనీకి రాసి మార్పించుకోవాలట. బ్రోకర్‌కి కమీషన్ ముట్టాక ఇవేవీ చెప్పడు కదా.

ఎన్‌సీబీ కూడా బండితో రాదు. అమ్మినాయన దాన్ని రిజర్వ్ చేయించుకుని తన కొత్త కారుకి వాడుకున్నాడు.

అకౌంట్స్_అక్క
అవును, ఎన్‌సీబీ మనిషిది. అమ్మేటప్పుడు కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే మూడేళ్ల దాకా దాచుకోవచ్చు.

పల్సర్_పిల్లోడు
బండి అమ్మినా ఎన్‌సీబీ ఉంటుందా? నాకు లేనేలేదు.

అకౌంట్స్_అక్క
థర్డ్ పార్టీ ఒక్కటే కడితే ఎక్కడి నుంచి వస్తుంది నాయనా. ఎన్‌సీబీ ఓన్ డ్యామేజ్ మీదే.

హైవే_హారన్
మొత్తం చదివాను. చిన్న గీతలకి క్లెయిమ్ పెట్టాలా వద్దా అన్నది ఎవరూ చెప్పలేదు. నా బంపర్ చీలింది, జీరో డెప్ ఉంది, కంపెనీ ఖర్చే కదా అని సర్వీస్ సెంటర్ వాళ్లు తెగ తొందరపెడుతున్నారు.

అకౌంట్స్_అక్క
వాళ్ల తొందర వాళ్ల బిల్లు కోసం. ఓన్ డ్యామేజ్ పది వేలు అనుకోండి, మీరు 45 శాతంలో ఉన్నారనుకోండి. క్లెయిమ్ పెడితే వచ్చే ఏడాది సున్నా. పెట్టకపోతే 50 వచ్చేది. ఆ ఏడాది నష్టం 5,000. తర్వాతి ఏడాది 20కి, 50కి తేడా 3,000. తర్వాత 2,500, 1,500, 500. కలిపితే 12,500, జీఎస్టీతో 14,750. ఐడీవీ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజంగా కాస్త తక్కువే తేలుతుంది. అయినా పది వేల లోపు బిల్లుకి క్లెయిమ్ పెట్టడం నా దృష్టిలో తెలివితక్కువ పని.

హైవే_హారన్
బిల్లు 9,000. జీరో డెప్ లేకపోతే ఎంత వచ్చేది?

లాస్_అసెసర్
ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగం కోస్తారు. తొమ్మిది వేలూ బంపర్‌దే అనుకుంటే 4,500. అందులో 1500 సీసీ వరకు బండికి తప్పనిసరి డిడక్టిబుల్ (ప్రతి క్లెయిమ్‌లో ఓనర్ పెట్టుకోవాల్సిన వాటా) 1,000 పోతుంది. మిగిలేది 3,500. జీరో డెప్ ఉన్నా ఆ వెయ్యి మీదే. ఈ సంగతి తెలియక డెలివరీ కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్లని రోజూ చూస్తుంటాను. గ్లాస్‌కి మాత్రం ఎప్పుడూ తరుగు ఉండదు.

పల్సర్_పిల్లోడు
వాలంటరీ డిడక్టిబుల్ పెట్టుకుంటే ప్రీమియం బాగా తగ్గుతుందంట కదా? మా కొలీగ్ 15,000 పెట్టుకున్నాడు.

లాస్_అసెసర్
మీ కొలీగ్ ఎంత మిగిల్చాడో అడగండి. టారిఫ్ పట్టికలో కారుకి 15,000 డిడక్టిబుల్ పెట్టుకుంటే ఓన్ డ్యామేజ్ మీద 35 శాతం అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పక్కనే గరిష్ఠం 2,500 అని ఉంటుంది. అది ఎవరూ చదవరు. 2,500 పెట్టుకుంటే 20 శాతం, గరిష్ఠం 750. పెద్ద ప్రమాదానికి మాత్రమే క్లెయిమ్ పెడతాను అనే గట్టి మనిషికి ఇది పర్వాలేదు. బంపర్ చీలగానే ఫోన్ తీసేవాళ్లకి పనికిరాదు.

హైవే_హారన్
నన్నేనా అంటున్నారు?

ఓరుగల్లు_77
నా మాటకి జవాబు చెప్పకుండ డిడక్టిబుల్ దగ్గరికి పోయిండ్రు. క్లెయిమ్ కొట్టేస్తే సామాన్యుడు ఎవరి దగ్గరికి పోవాలె? అది చెప్పండి పెద్దమనుషులు.

లాస్_అసెసర్
ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాతపూర్వకంగా పెట్టండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. తిరస్కరించిన ఏడాది లోపు వెళ్లాలి. సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి, చాలామంది అదే అడగరు.

ఓరుగల్లు_77
ఇది ముందే చెప్తే ఇంత లొల్లి ఉండకపోవు కదా సార్. థాంక్స్.

బెజవాడ_బ్రేకులు
నాకు ఏడాది దాటిపోయింది. సరే.

ఏజెంట్_మావయ్య
పిల్లోడూ, ‘థర్డ్ పార్టీ చాలు’ అని మొదట్లో అన్నావు. బండి పాతదైతే నేనూ అదే చెబుతాను, తప్పులేదు. కానీ దాన్ని మాత్రం ఒక్క రోజు కూడా లాప్స్ కానివ్వకు. పోలీసు వేసే 2,000 ఫైన్ చిన్న విషయం. ఎవరికైనా తగిలి ట్రైబ్యునల్‌లో లక్షల్లో పరిహారం వేస్తే నీ జేబులోంచే కట్టాలి.

పల్సర్_పిల్లోడు
ఉంది మావయ్యా, ఏటా కడుతున్నా. 

కొత్తకారు_పాతడ్రైవర్
అందరికీ థాంక్స్. డీలర్‌కి ఫోన్ చేసి ఎన్‌సీబీ అడిగాను. అక్కా, మీరు చెప్పిన మాటే పొల్లు పోకుండా వచ్చింది, ‘సిస్టమ్‌లో అలా వచ్చింది సార్’ అని! 45 చేశారు గానీ ఓన్ డ్యామేజ్‌లో మాత్రం రూపాయి తగ్గించలేదు. ఆన్‌లైన్‌లోనే ఐడీవీ 4,60,000కి పెంచి, ఇంజిన్ ప్రొటెక్ట్ కలిపాను. పీఏ తీసేశాను, నా స్కూటర్ పాలసీలో 15 లక్షల ఓనర్ పీఏ ఉంది, రెండోది అవసరం లేదని ఆ పేజీలోనే రాసుంది. మొత్తం ₹12,070. క్యాష్‌లెస్ సంగతి నేనే కంపెనీ నెట్‌వర్క్ గ్యారేజీల లిస్టులో చూశాను, మా డీలర్ వర్క్‌షాప్ పేరు అందులో ఉంది. సర్వీస్ అడ్వైజర్‌కి స్క్రీన్‌షాట్ పంపితే బ్లూ టిక్ వచ్చింది, జవాబు రాలేదు.

ఏజెంట్_మావయ్య
క్యాష్‌లెస్ ఎక్కడ కొన్నారన్నదాన్ని బట్టి ఉండదు, కంపెనీకి ఆ గ్యారేజీతో ఒప్పందం ఉందా లేదా అన్నదే. అడిగి ఉంటే నేనే చెప్పేవాణ్ని.

అకౌంట్స్_అక్క
మొదటి పోస్టులోనే అడిగారండి మావయ్య గారూ.

హైవే_హారన్
కొత్తకారు బ్రదర్, పాలసీ పీడీఎఫ్ రాగానే ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిచూసుకో. నాది ఒక అంకె తప్పు పడింది, ఎండార్స్‌మెంట్ (పాలసీలో దిద్దుబాటు) కోసం కస్టమర్ కేర్ చుట్టూ ఇంకా తిరుగుతున్నా. ఈ నంబర్ తప్పుంటే క్లెయిమ్ ఆపుతారా సర్వేయర్ గారూ?

లాస్_అసెసర్
ఒక్క అంకె అయితే సాధారణంగా సరిదిద్దించుకోమంటారు, కానీ బండి వర్క్‌షాప్‌లో ఉండగా ఆ పని పెట్టుకోవద్దు. మెయిల్ పెట్టి టికెట్ నంబర్ తీసుకోండి. ఆర్‌సీ కాపీ జత చేయండి.

హైవే_హారన్
ఆర్‌సీ కాపీ ముందూ వెనకా రెండూ పెట్టాలా?